ఆ ఫ్రేముకు ఇంగ్లిషు మర వేయించకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాత ఫ్రెంచి రేసు సైకిళ్ల గురించి వచ్చిన వ్యాసం ట్రాములో కూర్చుని చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఆ కాలపు సైకిలు ఫ్రేము ఎంత సన్నగా, ఎంత పొందికగా ఉంటుందో మన భాషలో ఎవరో ఒకరు రాశారని సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. "వీటికి విడిభాగాలు దొరకవు కాబట్టి ఏదైనా వర్క్‌షాపులో బాటమ్ బ్రాకెట్‌కు ఇంగ్లిషు మర వేయించుకుని, ఇసుకతో పాత రంగు ఊడగొట్టించి, పౌడర్ కోటింగు చేయిస్తే కొత్త సైకిలే" అని రాశారు. బాటమ్ బ్రాకెట్ అంటే పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టం, మర అంటే దాని లోపల కోసిన స్క్రూ చుట్లు.

ఆ వాక్యం చదివినవాడు నేనొక్కణ్ణే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. లియోన్‌లో ఉండే నా స్నేహితుడొకడు కూడా చదివాడు. చదివి ఊరుకోలేదు, అమల్లో పెట్టాడు. వాడి ఫ్రేము ఇప్పుడు నా బాల్కనీలో ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు నేనెవరో చెప్పాలి. పదిహేడేళ్లుగా సెంత్-ఎతియెన్‌లో ఉంటున్నాను. ఒక యంత్రభాగాల కర్మాగారంలో తనిఖీ విభాగం నాది. లేతు మీద నుంచి వచ్చిన ముక్కను కొలిచి, సరిగ్గా ఉంటే ఒక డబ్బాలో, లేకపోతే ఇంకో డబ్బాలో వేయడం నా ఉద్యోగం. మా ఇంట్లో తాళంచెవులు ఎక్కడున్నాయో తెలియకపోవచ్చు గానీ వెర్నియర్ ఎక్కడుందో అందరికీ తెలుసు.

నేనుండే ఊరు కూడా ఈ విషయానికి కొత్తది కాదు. రిబ్బన్లకు, తుపాకులకు పేరుపడ్డ ఈ ఊరే సైకిలు భాగాలకూ పుట్టిల్లు. క్రాంకులు, అంటే పెడళ్లు తగిలించే చేతులు, చేసిన స్ట్రాంగ్‌లైట్, పెడళ్లు చేసిన లియోతార్, రేసు సైకిళ్లు చేసిన మెర్సియె, అన్నీ ఇక్కడివే. గేర్ల సైకిలు ముసలివాళ్లకూ చేతకానివాళ్లకూ అని రేసు పెద్దలు వెక్కిరించిన రోజుల్లో, గేర్లు ఉండాల్సిందేనని పట్టుబట్టి 1887 నుంచి పత్రిక నడిపిన పోల్ ద వివీ, అంటే అందరూ వెలోసియో అని పిలుచుకునే ఆయన, ఈ ఊరి మనిషే. ఊరి పక్కనున్న రెపుబ్లిక్ కనుమ ఎత్తు 1161 మీటర్లు. 1903లో జరిగిన మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ ఆ కనుమ ఎక్కే వెళ్లింది. ఆదివారం పొద్దున నేనూ ఎక్కుతాను. ఎలా ఎక్కుతానో అడక్కండి.

ఇక ఫ్రేము. పోయిన ఏడాది వసంతంలో ఒక పల్లెలో వీధి సంత జరిగింది. ఇక్కడివాళ్లు దాన్ని వీద్-గ్రెనియె అంటారు, అంటే అటక ఖాళీ చేయడం. మామూలు మనుషులు ఏడాదికి రెండుసార్లకు మించి అలా అమ్మడానికి వీల్లేదని చట్టం ఉంది కాబట్టి వచ్చేవాళ్లలో నిజంగానే అటక దులిపినవాళ్లు ఎక్కువ. పింగాణీ పళ్లేలకూ ఒక కుట్టుమిషనుకూ మధ్య నీలం రంగు ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టే దాని ఫోర్కు, తాడుతో కట్టి ఉన్నాయి. చక్రాలు లేవు, సీటు లేదు, పేరు లేదు. ఎవరో ఎప్పుడో గోడకు వేసే బ్రష్షుతో నీలం పూశారు, కారిన చారలు కూడా అలాగే గడ్డకట్టి ఉన్నాయి. తొంభై యూరోలన్నాడు. నేను మాట్లాడకుండా ఫ్రేమును తిరగేసి చూస్తూ కూర్చున్నాను. డెబ్బైకి వచ్చాడు.

తిరగేసి నేను చూసిందేమిటో చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో రంగు ఎలా ఉందో, స్టిక్కర్లు ఎలా ఉన్నాయో చూసుకోమన్నారు గానీ ఇది చెప్పలేదు. హ్యాండిల్ కింద నిలువు గొట్టం ఉంటుంది కదా, దాని నుంచి పెడళ్ల దగ్గరకు దిగే ఏటవాలు గొట్టం అడుగున, లగ్గు, అంటే గొట్టాలను కలిపే తొడుగు, దాటాక రెండు మూడు అంగుళాల మేర, కళ్లు మూసుకుని బొటనవేలితో తడమాలి. ఎప్పుడో ఎదురుగా గుద్దుకున్న ఫ్రేమయితే అక్కడ ఒక చిన్న అల తగులుతుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. పై గొట్టం అడుగున కూడా అలాగే. అల తగిలితే ఎంత అందమైన ఫ్రేమైనా సరే, దండం పెట్టి వదిలేయడమే. తర్వాత నా జేబులోంచి దారం తీశాను. వెనక చక్రం కూర్చునే పలక దగ్గర మొదలుపెట్టి, ముందున్న నిలువు గొట్టాన్ని చుట్టి, అవతలి పలక దాకా దారం బిగించి లాగితే సీటు గొట్టానికి రెండు పక్కలా సమానమైన సందు రావాలి. ఇటు 29, అటు 29న్నర. అమ్మేవాడి భార్య నన్ను చూసి భర్త చెవిలో ఏదో అంది. పిచ్చివాడనుకుని ఉంటుంది. డెబ్బైకి రావడంలో ఆవిడ చెయ్యి కూడా ఉందని నా నమ్మకం.

పేరులేని ఫ్రేముకు విలువ లేదని మీ వ్యాసకర్త రాశారు. పేరు లేకపోయినా ఫ్రేము తన సంగతులు తనే చెబుతుంది, అడిగే పద్ధతిలో అడగాలంతే. ఇంటికి తెచ్చి సీటు గొట్టం బయట కొలిస్తే సరిగ్గా 28 మిల్లీమీటర్లు. ఇంగ్లిషు, ఇటలీ ఫ్రేములైతే 28.6 ఉంటుంది. పై గొట్టం 26, అక్కడ వాళ్లది 25.4. అంటే ఇది మెట్రిక్ కొలతల్లో లాగిన గొట్టం. సీటు కడ్డీ దూరే లోపలి వ్యాసం 26.4. మామూలు ఇనుప గొట్టమైతే గోడ మందంగా ఉండి ఇంకా సన్నని కడ్డీ పట్టేది. 28 గొట్టంలో 26.4 కడ్డీ దూరిందంటే అది సాధారణంగా రెనాల్డ్స్ 531 అనే ఉక్కు గొట్టం. ఇక్కడ మీ వ్యాసంలో ఒక సవరణ చేసుకోవాలి. 531 ఫ్రెంచి ఉక్కు అని రాశారు. కాదు, అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సరుకు. 1935లో వచ్చింది. ఫ్రాన్సులో ఫ్రేములు చేసేవాళ్ల కోసం ఇంగ్లండువాడే తన గొట్టాన్ని మిల్లీమీటర్లలో లాగి పంపేవాడు. బేరం కుదరాలంటే ఎదుటివాడి కొలతల్లో మాట్లాడాలని వాళ్లకు తెలుసు.

లగ్గులు నెర్వెక్స్ ప్రొఫెషనల్ అనే రకం. అంచులు పూలతీగలా వంపులు తిరిగి ఉంటాయి. వెనక పలకల మీద సింప్లెక్స్ అని చిన్న అక్షరాలు. అది దిజోన్‌లో గేరు మార్చే డెరైలరు చేసిన కంపెనీ. డెరైలరు తగిలించే చెవికి రంధ్రం ఉంది, మర లేదు. ఇటలీ, జపాను డెరైలర్లు ఆ చెవికి 10 మిల్లీమీటర్ల మర ఉండాలంటాయి. సింప్లెక్స్‌కు అక్కర్లేదు, వెనక నుంచి నట్టు పడుతుంది.

అసలు గొడవ బాటమ్ బ్రాకెట్ దగ్గర. పెడళ్ల ఇరుసు తిరిగే ఆ అడ్డ గొట్టంలో రెండు పక్కలా రెండు కప్పులు మరతో బిగుసుకుని ఉంటాయి. ఎడమ కప్పు సులువుగానే వచ్చింది, అది ఎప్పుడూ మామూలు మరే. కుడి కప్పు రాదు. అది చాలా ఏళ్ల కిందట ఎవడో బలమైనవాడు బిగించి వెళ్లిపోయాడు. పైగా ఎటు తిప్పాలో తెలియాలి. ఇంగ్లిషు ఫ్రేమయితే కుడి కప్పుకు ఎడమ మర, అంటే విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఫ్రెంచిదయితే రెండు కప్పులూ కుడి మరే. స్విస్ పద్ధతిలో చేసినదయితే కొలత ఫ్రెంచిది, దిశ ఇంగ్లిషుది. మూడో రకం ఉందని తెలియక చాలామంది కప్పును ఇంకా బిగిస్తూ పోతారు.

మా కింది అంతస్తులో ఎనభై దాటిన పెద్దాయన ఉంటారు. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి సైకిలు కర్మాగారాల్లో పనిచేశారు. నేను ఆయన్ని మెస్యూ అంటాను, మా అమ్మాయి తాతయ్యా అంటుంది. ఆయనకా మాటకు అర్థం తెలుసు, పలుకుతారు కూడా. నేలమాళిగలో నేను కప్పుతో కుస్తీ పడుతుంటే మెట్ల మీద నుంచి చూసి, "కప్పును తిప్పుతున్నావెందుకు, కప్పును కదలకుండా పట్టుకుని ఫ్రేమును తిప్పు" అన్నారు. అంతే. కప్పు అంచుకు రెండు చదును పక్కలుంటాయి. వాటిని బల్లకు బిగించిన వైసులో గట్టిగా పట్టించి, ఫ్రేము మొత్తాన్ని చేతికర్రలా పట్టుకుని తిప్పడం. అర మీటరు పొడవు సీటు గొట్టం మీటకర్ర అయిపోతుంది. తుప్పు వదిలించే నూనె మూడు రోజులు రాత్రీ పొద్దునా పోశాను. ఫ్రేము బోర్లా పడుకుని ఉండటంతో ఎటు తిప్పాలో బుర్ర తిరిగిపోయింది. మా అమ్మాయి సుద్దముక్కతో గొట్టం మీద బాణం గీసి పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం చిన్న 'టిక్'మనే చప్పుడు. తలుపు గడి పడినప్పుడు వచ్చేంత చప్పుడు. ఫ్రేము వెంట్రుకవాసి కదిలింది. దిశ ఫ్రెంచిది. పెద్దాయన చప్పట్లు కొట్టలేదు, "వైసు కొత్తదా?" అని మాత్రం అడిగారు.

ఆ కప్పు మరను నేను కొలిచాను. వ్యాసం 35 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు. ఇంగ్లిషు కప్పు వ్యాసం 1.37 అంగుళాలు, అంటే 34.8 మిల్లీమీటర్లు. అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ 1.058. ఇదిగో మీ వాక్యంలో ఉన్న ప్రమాదం ఇక్కడే ఉంది. తేడా 0.2 మిల్లీమీటర్లే కదా, ట్యాపు, అంటే మర కోసే పనిముట్టు, తిప్పితే సర్దుకుంటుందిలే అనిపిస్తుంది. కానీ ఇంగ్లిషుది చిన్నది. పెద్ద రంధ్రంలో చిన్న మర కోయడమంటే ఉన్న పళ్ల మీదే ఇంకో పళ్ల వరస దించడం. పది చుట్లు పోయేసరికి రెండూ అరచుట్టుకు పైగా తప్పిపోతాయి. ఎడమ పక్క ఇదీ కథ. కుడి పక్క ఇంకా అధ్వానం. అక్కడ ఉన్నది కుడి మర, వేయబోయేది ఎడమ మర. ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుని, చివరికి మిగిలేది మర కాదు, ముళ్ల గరుకు. కప్పు పట్టినట్టే ఉంటుంది. నాలుగు ఎత్తులు ఎక్కేసరికి ఊడుతుంది.

ఒకరికి న్యాయం చేయాలి కాబట్టి ఇది కూడా చెబుతాను. ఫ్రెంచి పద్ధతే గొప్పదని నేననను. పెడలు తొక్కుతుంటే లోపల గోళీలు దొర్లి కుడి కప్పును మెల్లగా విప్పే వైపే నెడతాయి. దాన్ని అడ్డుకోవడానికే ఇంగ్లిషువాళ్లు ఆ పక్క ఎడమ మర పెట్టారు, అది తెలివైన పని. ఫ్రెంచి కప్పును గట్టిగా బిగించుకోవాలి, అప్పుడప్పుడూ చూసుకోవాలి. నేను బిగించింది కూడా ఆ వైసులోనే, ఫ్రేము తిప్పే. పాత కప్పుల లోపలి దారి నున్నగానే ఉంది. పక్కకు పదకొండు చొప్పున పావు అంగుళం గోళీలు కొత్తవి పోసి, గ్రీజు పెట్టి, ఆట లేకుండా బిగిస్తే ఇరుసు వేలితో తిప్పితే చాలు, దానంతటదే తిరుగుతోంది. గోళీలకు ఖర్చు నాలుగు యూరోలు. కప్పులు పాడైపోయిన వాళ్లకు కూడా దారి ఉంది. ఫ్రెంచి మర కప్పులు కొత్తవి ఇప్పటికీ చేస్తున్నారు. మరతో పనే లేకుండా గొట్టం లోపల తనంతట తానే బిగుసుకుని కూర్చునే రకమూ దొరుకుతుంది. విడిభాగాలు దొరకవన్నది వెతకనివాళ్ల మాట.

చెప్పు పట్టలేదని కాలు కోసుకోం కదా. ఫ్రేముకూ అంతే. సరిపోనప్పుడు మార్చుకోవాల్సింది దానికి తగిలించే సామాను. నేను పాటించిన పద్ధతి అదొక్కటే. ఉదాహరణకు హ్యాండిల్ కాడ. ఫోర్కు గొట్టంలోకి దిగే ఆ కాడ ఫ్రెంచిదయితే 22 మిల్లీమీటర్లు, మిగతా లోకానికి 22.2. నా దగ్గర ఉన్నది 22.2. దూరదు. సుత్తితో దించితే దూరుతుంది గానీ మళ్లీ బయటికి రాదు. ఉప్పుకాగితాన్ని అంగుళం వెడల్పు పట్టీగా చింపి, కాడ చుట్టూ వేసి, పాతకాలంలో చెప్పులు కుట్టేవాళ్లు దారానికి మైనం పూసినట్టు ఇటూ అటూ లాగుతూ పోయాను. ఒక సాయంత్రంలో సగం. చుట్టూ పదో వంతు మిల్లీమీటరు పోవాలి, అంతే. ప్రతి పది లాగుళ్లకూ మైక్రోమీటరు పెట్టి చూశాను. ఆఫీసులో చేసిన పనే ఇంట్లోనూ చేస్తున్నావంది మా ఆవిడ. నిజమే, కానీ ఆఫీసులో ముక్క డబ్బాలో పడ్డాక మళ్లీ కనపడదు.

ఒక్కచోట మాత్రం పాఠకులు జాగ్రత్తగా ఉండాలి. ఫోర్కు గొట్టం పైన బిగించే నట్టు. ఫ్రెంచి ఫోర్కు మర 25 మిల్లీమీటర్లు, ఇంగ్లిషు నట్టు అంగుళం, అంటే 25.4. ఇంగ్లిషు నట్టు ఫ్రెంచి ఫోర్కు మీద హాయిగా ఎక్కుతుంది, కొంచెం వదులుగా. ఆ హాయే మోసం. పళ్ల కొసలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. దిగుడులో బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రం మీద ఎంత బరువు పడుతుందో తొక్కేవాళ్లకు తెలుసు. కప్పులూ నట్లూ మీ ఫ్రేముతో వచ్చినవే ఉంటే వాటిని డబ్బాలో వేసి పేరు రాసి దాచుకోండి, పారేయకండి.

క్రాంకుల దగ్గర ఇంకో చిక్కు. నేను కొన్నది స్ట్రాంగ్‌లైట్ 93, మా ఊరి సరుకే. ఇరుసు నుంచి క్రాంకు ఊడబీకే పనిముట్టు అందరిదీ 22 మిల్లీమీటర్ల మర, దీనిది 23.35. మామూలు పనిముట్టు పెట్టి లాగితే అల్యూమినియం మర చిరుగుతుంది, ఇక క్రాంకు జీవితంలో రాదు. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. తెలుసుకుని మెస్యూ గారి దగ్గరకు వెళ్తే, ఆయన వంటింటి సొరుగు తెరిచి, సీసా మూతలు తీసే పనిముట్టు పక్కనుంచి సరైనది తీసి ఇచ్చారు. "తెచ్చి ఇవ్వడం మర్చిపోకు" అన్నారు. ఆయన మళ్లీ క్రాంకు ఎప్పుడు ఊడదీస్తారో నాకు తెలియదు, మర్నాడే తిరిగిచ్చేశాను.

పెడళ్లకు ఫ్రెంచి మర 14 మిల్లీమీటర్లు, ఇంగ్లిషుది అంగుళంలో పదహారో వంతులు తొమ్మిది, అంటే దగ్గర దగ్గర 14.3. పెడలు ఇరుసు మీద డి అని ఉంటే కుడిది, జి అని ఉంటే ఎడమది. ఇక్కడ మాత్రం, మీ వ్యాసకర్త పక్షాన ఒక మాట చెబుతాను, క్రాంకుకు ఇంగ్లిషు మర వేయించుకోవడం సబబే. చిన్న రంధ్రం పెద్దదవుతోంది, దిశ ఒకటే, చుట్ల మధ్య దూరం ఇంచుమించు ఒకటే, కొత్త మర శుభ్రంగా పడుతుంది. పైగా క్రాంకు ఒక భాగం, పోతే ఇంకోటి దొరుకుతుంది. నేను వేయించలేదు, లియోతార్ పెడళ్లు జత ముప్ఫై యూరోలకు దొరికాయి కనుక.

చక్రాల విషయంలో మీ వ్యాసంలో ఒక చమత్కారం ఉంది. ఫ్రెంచి కొలతలు ప్రపంచంలో ఎవరికీ పట్టనివి, అందుకే అంతరించాయి అని రాశారు. అదే పేజీలో పక్కన కొత్త కార్బన్ సైకిలు ప్రకటన, 700సి చక్రాలు అని పెద్ద అక్షరాలు. ఆ 700సి ఫ్రెంచి కొలతే కదండీ. టైరు బయటి వ్యాసం 700 మిల్లీమీటర్లు, వెడల్పును బట్టి ఎ, బి, సి. రిమ్ము మీద టైరు కూర్చునేచోట వ్యాసం 622. ఈ రోజు ప్రపంచంలో రోడ్డు రేసు సైకిలు కొన్నవాళ్లు దాదాపు అందరూ, తెలియకపోయినా, ఆ ఫ్రెంచి కొలత మీదే తిరుగుతున్నారు. డెరైలరు అనే మాట కూడా వాళ్లదే. మరలు ఓడిపోయాయి, చక్రం గెలిచింది.

నా చక్రాలు పాతవే. పుల్లలు మార్చి, బెండు తీసి వాడుతున్నాను. వెనక పలకల మధ్య ఎడం 120 మిల్లీమీటర్లు, అయిదు పళ్లచక్రాల కాలానిది. చక్రం నడిమి హబ్బులు ఇప్పటివి వెడల్పు. ఫ్రేమును విడదీసి వంచుకోవచ్చని చాలామంది అంటారు, ఉక్కు కాబట్టి వంగుతుంది కూడా. నేను అయిదు పళ్లచక్రాలతోనే సరిపెట్టుకున్నాను. కనుమ ఎక్కేటప్పుడు ఆరోది ఉంటే బాగుండునని ప్రతి ఆదివారం అనుకుంటాను. బ్రేకులు మాఫాక్ రేసర్, క్లెర్మోఁ-ఫెరాఁలో చేసినవి. బాగా ఆగుతాయి. ఆగే ముందు వీధంతటికీ చెబుతాయి. రబ్బరు ముక్కల ముందు అంచు రిమ్ముకు ముందుగా తగిలేలా వాలిస్తే ఆ కేక తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక రంగు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇసుకతో ఊడగొట్టించమన్నారు. 531 గొట్టాలు చివర్లలో మందం, మధ్యలో పలచన. బరువు తగ్గడానికి అలా లాగినవి. చేతిలో నేర్పు లేనివాడు ఇసుక కొడితే ఆ పలచనిచోట లోహమూ పోతుంది, నెర్వెక్స్ లగ్గుల అంచుల మీదున్న సన్నని గీతలూ పోతాయి. దాని మీద పౌడర్ కోటింగు వేస్తే దోసె మీద పిండి మళ్లీ పోసినట్టు వంపులన్నీ పూడిపోతాయి. ఎక్కడైనా పగులుంటే దాని కిందే దాక్కుంటుంది. ఇంత చేశాక ఫ్రేము తన గురించి చెప్పేది ఇంకేమీ మిగలదు.

నేను ఆ గోడ నీలాన్ని ప్లాస్టిక్ ముక్కతో, కొంత గోటితో గీకాను. శీతాకాలం శనివారాలన్నీ దానికే పోయాయి. నీలం పొరలు పొరలుగా ఊడింది, అడుగున తెలుపు. పాతబడి మీగడ రంగుకు తిరిగిన తెలుపు. ముందు లగ్గుల దగ్గరకు వచ్చేసరికి నలుపు. తెల్ల ఫ్రేముకు నల్ల లగ్గులు. మెస్యూ గారు కళ్లద్దాలు పైకి నెట్టి, చాలాసేపు చూసి, "పూజో" అన్నారు. పూజో కంపెనీ పీఎక్స్-10 రేసు ఫ్రేములు అలాగే ఉండేవి. తెలుపు మీద నలుపు, నెర్వెక్స్ లగ్గులు, 531 గొట్టాలు, సింప్లెక్స్ పలకలు. బెర్నార్ తెవెనె 1975లోనూ 1977లోనూ టూర్ గెలిచింది పూజో జట్టులోనే. ఎడ్డీ మెర్క్స్ తొలిసారి మిలాన్-సాన్‌రెమో రేసు గెలిచిన 1966లోనూ, మళ్లీ గెలిచిన 1967లోనూ ఆ జట్టులోనే ఉన్నాడు. నా ఫ్రేము వాళ్లెవరి కిందా తిరగలేదని నాకు తెలుసు. అవే లగ్గులు, అవే గొట్టాలు వాడినవాళ్లు ఫ్రాన్సులో ఇంకా చాలామంది ఉండేవారు కాబట్టి, పూజో స్టిక్కర్లు బజారులో దొరుకుతున్నా నేను అంటించలేదు. మిగిలిన తెలుపు ఎక్కడెక్కడ ఉందో అక్కడ వదిలేసి, ఉక్కు బయటపడ్డచోట పల్చగా మైనం రుద్దాను. చూసినవాళ్లు బొల్లి వచ్చిందా అంటున్నారు. అననివ్వండి.

అంతా కలిపి ఫ్రేముతో సహా 412 యూరోలయింది. చక్రాలు, క్రాంకు, డెరైలరుకే ఎక్కువ. దుకాణంలో కొని ఉంటే 2021 జులై నుంచి పాత సైకిలుకైనా గుర్తింపు సంఖ్య వేసి ఇవ్వాలన్న నిబంధన ఉంది. నేను మామూలు మనిషి దగ్గర కొన్నాను కాబట్టి ఆ బాదరబందీ లేదు. పనిముట్లు లేనివాళ్లకు ఇక్కడ చాలా ఊళ్లలో సహకార సైకిలు వర్క్‌షాపులున్నాయి. ఏడాదికి కొంత చందా కడితే వాళ్ల పనిముట్లతో మనమే చేసుకోవచ్చు, తెలిసినవాళ్లు పక్కన నిలబడి చూపిస్తారు. మీ వ్యాసంలో ఈ ఒక్క ముక్క ఉన్నా నా స్నేహితుడు వేరే గుమ్మం తొక్కేవాడు.

వాడి సంగతి చెబుతానన్నాను. లియోన్‌లో ఒక వర్క్‌షాపుకు ఫ్రేము తీసుకెళ్లి, ఫోనులో మీ వ్యాసం చూపించి, ఇంగ్లిషు మర వేయమన్నాడు. అక్కడి కుర్రాడు ట్యాపు తిప్పాడు. ఎడమ పక్క తిరిగింది. కుడి పక్క సగంలో బిగుసుకుంటే ఇంకాస్త బలం పెట్టాడు. డబ్బు తీసుకుని కప్పులు బిగించి ఇచ్చారు. మూడో రోజు ట్రాఫిక్ దీపం దగ్గర లేచి తొక్కబోతే క్రాంకు పక్కకు ఒరిగి చైను ఊడింది. చేతి మీద చర్మం లేచిపోయింది, అంతటితో పోయింది. నేను లోపల దీపం పెట్టి చూశాను. కుడి పక్క రెండు మరలూ లేవు. ఇనుప రజను గ్రీజులో కలిసి నల్లటి ముద్దలా ఉంది. ఆ కుర్రాడిని నేనేమీ అనను. అడిగింది చేశాడు. అడిగించింది మనం.

మర లేకుండా లోపల బిగుసుకునే రకం బాటమ్ బ్రాకెట్ తెప్పించాను. అది ఎక్కించే ముందు లోపల మిగిలిన ముళ్లను అరగదీయాలి. వచ్చే శనివారం వాడు వస్తాడు, వైసు ఖాళీగా ఉంచమని కింద చెప్పాను.

మీకు నా విన్నపం చిన్నది. వ్యాసాన్ని వెనక్కి తీసుకోమనను, మిగతాదంతా బాగుంది. వచ్చే ఆదివారం అదే పేజీలో, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే, ఇది వేయండి: "ఫ్రెంచి బాటమ్ బ్రాకెట్ మర 35 మిల్లీమీటర్లు, ఇంగ్లిషుది 34.8. ఫ్రెంచి ఫ్రేముకు ఇంగ్లిషు ట్యాపు పెట్టించవద్దు." చోటు మిగిలితే 531 బర్మింగ్‌హామ్‌దని కూడా.

ఇట్లు,
మీ పాఠకుడు,
సెంత్-ఎతియెన్, ఫ్రాన్స్